సూత్రధారికి కొత్త రూల్సు

ఆ ఆదివారం పొద్దున సూత్రధారి ముగ్గురు మనుషుల్ని బాగా భయపెట్టాలని నిశ్చయించుకుని పళ్ళు తోముకున్నాడు. ఆ ముగ్గురిలో ఒకామె అప్పటికే వంటింట్లో టీ పెడుతోంది. ఆవిడ అతని భార్య, బళ్ళో లెక్కల టీచరు. రెండోవాడు ఆవిడ తమ్ముడు, పరుపుల షాపు నడుపుతాడు. మూడోవారు వీధి చివర ఉండే పళ్ళ డాక్టరుగారు.

సూత్రధారి అన్నది పేరు కాదు, పదవి. ప్రతి ఆదివారం వాళ్ళింట్లో బల్ల చుట్టూ ఒక ఆట సాగుతుంది. అందులో డాక్టరుగారు మాంత్రికుడు, బావమరిది గొడ్డలి వీరుడు, భార్య ఎంతటి తాళాన్నైనా తెరిచే దొంగ. వాళ్ళు ఏం చేయదలుచుకున్నారో చెప్పి పాచికలు వేస్తారు. దాని వల్ల తలుపు తెరుచుకుందా, లోపలున్న రాక్షసుడు లేచాడా అన్నది సూత్రధారి చెబుతాడు. ఎవరైనా అనుమానపడితే "పుస్తకంలో ఉంది" అంటాడు. అంతే, నోళ్ళు మూతపడతాయి. మిగతా రోజుల్లో అతను లిఫ్టుల కంపెనీలో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తి, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్ళ చేత తిట్లు తింటుంటాడు. ఇంట్లో ఫ్యాను ఎంత వేగంగా తిరగాలన్నది కూడా అతని చేతిలో లేదు. ఈ ప్రపంచంలో అతని మాట చెల్లే కుర్చీ ఆ బల్ల దగ్గరిది ఒక్కటే.

ఆ కుర్చీకి ఇప్పుడు ఎసరు వచ్చింది. ఆటకు కొత్త ఎడిషన్ వచ్చింది. రంగురంగుల బొమ్మలతో దిండంత పుస్తకం. చదువుతూ చదువుతూ మధ్యలో ఒక చోట అతని గుండెల్లో రాయి పడింది. సూత్రధారి తీర్పు నచ్చకపోతే ఆటగాళ్ళు ఓట్లు వేసి మార్చుకోవచ్చట. మెజారిటీ ఉంటే ఏ నియమాన్నైనా పక్కన పెట్టవచ్చట, ఆఖరికి సూత్రధారిని కూడా. అతను లేచి ఆఫీసు బ్యాగులోంచి స్టేప్లర్ తీసి, ఆ నియమాలున్న రెండు పేజీలనూ ఒకదానికొకటి కలిపి అంచుల వెంబడి పిన్నులు కొట్టేశాడు. అయినా మనసు కుదుటపడలేదు. అసలు ఆ పుస్తకం మీదే అందరికీ విరక్తి కలిగించాలనుకున్నాడు.

అందరూ చేరి టీ కప్పులు బల్ల మీద పెట్టగానే మొదలుపెట్టాడు.

"కొత్త రూల్సు చాలా కఠినంగా ఉన్నాయి. డాక్టరుగారూ, ఇక మీ మాంత్రికుడు రోజుకు ఒక్క నిప్పుల బంతే విసరాలి."

"ఒక్కటేనా! దానికన్నా అగ్గిపెట్టె నయం కదండీ!"

"ఏమోయ్ బావమరిదీ, రెండు దెబ్బలు వేస్తే నీ గొడ్డలి మొద్దుబారిపోతుంది."

"అదేం గొడ్డలి బావా, మా షాపు కత్తెర్లే అంతకంటే ఎక్కువ కోస్తాయి!"

"ఇక నువ్వు," అని భార్య వైపు తిరిగి, "ప్రతి తాళానికీ మూడుసార్లు పాచికలు వెయ్యాలి" అన్నాడు.

ముగ్గురూ ముఖాలు మాడ్చుకున్నారు. కొత్త పుస్తకం వద్దే వద్దన్నారు. పాచిక పారినందుకు సూత్రధారి లోలోపల మురిసిపోయాడు. కానీ లెక్కల టీచరుకు ఏ లెక్కనూ మధ్యలో వదిలే అలవాటు లేదు.

"అయితే పాత పుస్తకమే ఖాయం. కానీ అక్షరం తప్పకూడదు, ఎవరి కోసమూ మార్చకూడదు. ఒప్పుకుంటారా?"

"నేనెప్పుడైనా తప్పానా?" అన్నాడు సూత్రధారి గర్వంగా.

"మరింకేం, తియ్యండి ఆ పుస్తకం. మొదటి పేజీ నుంచి ఒకసారి చూసుకుందాం."

సూత్రధారి కిందకు చూశాడు. ఆ పుస్తకం బల్ల కింద ఉంది. బల్లకు ఒక కాలు పొట్టి కావడం వల్ల ఏళ్ళ తరబడి దాన్ని మోస్తున్నది ఆ పుస్తకమే.

"తీస్తే బల్ల ఒరిగిపోతుంది."

"నేను పట్టుకుంటాలే బావా," అని బావమరిది బల్ల కిందకు దూరి మోకాలు అడ్డం పెట్టాడు. మోకాలు కాస్త ఆలస్యమైంది. డాక్టరుగారి టీ డాక్టరుగారి ఒళ్ళోకే వచ్చింది. ఆయన అదేమీ పట్టించుకునే స్థితిలో లేరు.

"ముందు నాది చదవండమ్మా. బురుజు మీంచి దూకితే నా అంగీ గొడుగులా విచ్చుకుని బతికానే, ఆ రూలు ఒకసారి చెవులారా వినాలి."

ఆవిడ దుమ్ము దులిపి పేజీలు తిప్పింది. ముందుకు తిప్పింది, వెనక్కి తిప్పింది.

"అంగీ లేదండీ. గొడుగూ లేదు. అంత ఎత్తు నుంచి పడితే చావే."

"అంటే?"

"అంటే, మీ మాంత్రికుడు ఎప్పుడో చచ్చిపోయాడండీ."

"అదెలా కుదురుతుందమ్మా! ఆ తర్వాత సముద్రాలు దాటానే! రాజుగారి అల్లుణ్ణి కూడా అయ్యానే!"

"అయ్యుంటారు. శవంగా అయ్యుంటారు."

బల్ల కింద నుంచి బావమరిది కంగారుగా అడిగాడు. "అక్కా, నా గొడ్డలి సంగతి చూడు."

"గొడ్డలికి రెండు చేతులూ కావాలి. డాలు ఎలా పట్టుకున్నావురా ఇన్నాళ్ళూ? మూడో చేత్తోనా? డాలు లేకపోతే వంతెన దగ్గర బాణాలకే పోయావు."

తమ్ముణ్ణి పైకి పంపించేశాక ఆవిడ తన దొంగ సంగతి వెతుక్కుంది. రెండో ప్రయత్నంలో తాళం తప్పకుండా తెరుచుకోవాలన్న రూలు ఎక్కడా కనిపించలేదు. ఆ రూలు వాళ్ళ పెళ్ళయిన కొత్తలో పుట్టింది, ఎందుకు పుట్టిందో వేరే చెప్పనక్కర్లేదు. పుస్తకం ప్రకారం తాళం మొదటిసారి తెరుచుకోకపోతే అందులోంచి విషపు సూది వస్తుంది.

"నేనూ పోయాను," అంది మెల్లగా. తర్వాత భర్త వైపు చూసింది. "ఇన్నేళ్ళూ మీరు చెప్పింది ఏ పుస్తకంలో ఉందండీ?"

కుర్చీ పోయినట్టేనని సూత్రధారికి అర్థమైంది. ఇక దాచి లాభం లేదనుకున్నాడు.

"మాంత్రికుడు బురుజు మీంచి దూకిన రోజు డాక్టరుగారి వేలు ఎవరో పేషెంటు కొరికాడు. కట్టు కట్టుకుని వచ్చారు. మాంత్రికుణ్ణి కూడా చంపితే ఆయనకింక ఏం మిగులుతుందని... మిగతావీ అలాంటివే."

డాక్టరుగారు తన వేలి వైపు చూసుకున్నారు. ఈలోగా బావమరిదికి మోకాలు నొప్పి పుట్టి, పొట్టి కాలి కింద పెడదామని కొత్త పుస్తకం అందుకున్నాడు. దాని లావుకు బల్ల అటు నుంచి ఇటు ఒరిగింది. పాచికలు జారి మంచం కిందకు పోయాయి. వాడు విసుక్కుంటూ పుస్తకం బయటికి లాగి చూశాడు.

"బావా, ఈ రెండు పేజీలకీ పిన్నులు కొట్టి ఉన్నాయేంటి? ప్రింటింగులోనే ఇలా వచ్చిందా?"

డాక్టరుగారు పుస్తకం అందుకుని, పేజీ చిరగకుండా ఒక్కొక్క పిన్నూ పీకేశారు. ఆయన వృత్తే అది. భార్య పైకి చదివింది. చదివినకొద్దీ అతను కుర్చీలో కుంగిపోయాడు.

"ఓట్లేస్తే చచ్చినవాళ్ళు బతుకుతారన్నమాట!" అన్నాడు బావమరిది.

అలా కొత్త ఎడిషన్ ఆ ఇంట్లో అమల్లోకి వచ్చింది. మొదటి ఓటుతో మాంత్రికుడు లేచి కూర్చున్నాడు. రెండో ఓటుతో వీరుడికి మూడో చేయి మంజూరైంది. తర్వాత దొంగ బతికింది. నాలుగో ఓటుతో కొత్త ఎడిషన్‌లోని నియమాలన్నిటినీ, ఓటు వేసేది ఒక్కటి తప్ప, మూకుమ్మడిగా పక్కన పెట్టేశారు.

"ఇక మిగిలింది ఒక్కటే," అంది భార్య. "అబద్ధాలు చెప్పి, పేజీలకు పిన్నులు కొట్టిన ఈ సూత్రధారిని ఉంచాలా, తియ్యాలా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. ఫిర్యాదుల ఫోను ముందు కూర్చున్నప్పుడు కూడా అంత భయపడలేదు.

"ఉంచాలి," అన్నారు డాక్టరుగారు అందరికంటే ముందు. బావమరిది బల్ల కింద నుంచే చెయ్యెత్తాడు. భార్య భర్త ముఖం వైపు ఒక క్షణం చూసి, తనూ ఎత్తింది.

సూత్రధారి కళ్ళు చెమర్చాయి. వెంటనే అతనికి తన సిద్ధాంతం గుర్తొచ్చింది. ఓట్లతో ఆట నడవకూడదనే కదా ఇంత కష్టపడ్డది!

"ఓట్లతో వచ్చే కుర్చీ నాకక్కర్లేదు. నేను వ్యతిరేకం!" అని చెయ్యెత్తాడు.

"అనుకూలం మూడు, వ్యతిరేకం ఒకటి. నెగ్గింది. కూర్చోండి," అంది భార్య.

"రాజీనామా చేస్తాను."

ఆవిడ రెండు పుస్తకాలూ తిరగేసి, ఆ సౌకర్యం ఏ ఎడిషన్‌లోనూ లేదని చెప్పింది.