దారంతో కొలిచిన ఆకాశం

ఆ ఉదయం మాస్టారి సంకల్పం చాలా చిన్నది: మనవరాలిని వియ్యంకుడికంటే ముందు తాను ఎత్తుకోవాలి. కూతురూ అల్లుడూ పిల్లను తొలిసారి తీసుకొస్తున్నారు. విమానం మూడింటికి దిగుతుందని టికెట్టు చెబుతోంది. ఉద్యోగకాలమంతా భౌతికశాస్త్రం బోధించిన మాస్టారు, ఎవరో అచ్చువేసిన అంకెను ఊరికే నమ్మేవారు కారు.

భార్య కుట్టుపెట్టెలోంచి తెల్లదారం తీశారు. గ్లోబు మీద ఆ విమానాశ్రయం నుంచి ఈ విమానాశ్రయానికి బిగించి పట్టి, రెండు కొసల దగ్గరా సిరాచుక్కలు పెట్టారు. తర్వాత దారాన్ని బల్లమీద పరిచి, చుక్కల మధ్య దూరం కొలిచి, కిలోమీటర్లు చేసి, విమానవేగంతో భాగించారు. రెండు ఊళ్ల గడియారాల తేడా సైతం మరువలేదు. జవాబు చూసి కుర్చీలోంచి ఎగిరి లేచారు.

"ఏమేవ్! విమానం ఒంటిగంటకే దిగిపోతుంది!"

"టికెట్లో మూడని ఉందిగా?"

"ఆలస్యమైతే మాట పడకుండా ముందే కలిపి రాస్తారే వాళ్లు! పాపం, బావగారు మూడింటికి తీరిగ్గా వస్తారు. పద, పద!"

"వంట సగంలో ఉంది, మీరెళ్లండి. అన్నట్టు, నా దారం ఏదండీ?"

మాస్టారు అప్పటికే వీధిలో ఉన్నారు, దారం జేబులో ఉంది.

విమానాశ్రయంలో ఒంటిగంట దాటింది. విమానం జాడ లేదు.

"దిగే ఉంటుంది. చెప్పడం లేదంతే," అన్నారు మాస్టారు పక్కాయనతో.

"దాస్తున్నారట," అన్నాడాయన తన భార్యతో.

"అయ్యో, ఏమైందో ఏమో!" అని ఆవిడ గుండెలు బాదుకుంది.

క్షణాల్లో విచారణ కిటికీ ముందంతా జనంతో నిండిపోయింది. "మావాళ్లేరీ?" అని ఒకటే గోల. లోపలి ఉద్యోగిని చెవులు మూసుకుని, "అసలీ మాట పుట్టించిందెవరండీ?" అని అరిచింది. వేళ్లన్నీ ఒకేవైపు తిరిగాయి.

మాస్టారిని అధికారి గదిలోకి తీసుకెళ్లారు.

"రుజువు చూపిస్తాను. గ్లోబుందా?"

"ఇది విమానాశ్రయమండీ, బడి కాదు."

అయితే మాటలతోనే చెబుతానని మాస్టారు భూమి గుండ్రంగా ఉండటం దగ్గర మొదలుపెట్టారు. ఎదురుగా కదలకుండా కూర్చున్న శ్రోత దొరికి చాలాకాలమైంది. ఉత్సాహంలో గడియారం చూడలేదు. చివరకు అధికారే చేతులు జోడించాడు.

"మీ విమానం మూడింటికే దిగింది మాస్టారూ. ఇక వెళ్లండి."

పరుగున బయటికొస్తే, పిల్ల వియ్యంకుడి చంకలో గుక్కపట్టి ఏడుస్తోంది. పక్కనే వియ్యంకుడి కారులో వచ్చిన మాస్టారి భార్య, కూతురూ అల్లుడూ.

"రండి బావగారూ! అందరికంటే ముందొచ్చారట కదా?" అన్నాడు వియ్యంకుడు, నవ్వు దాచుకోకుండా.

"నా కొలత తప్పే ప్రసక్తే లేదు!" మాస్టారు జేబులోంచి దారం లాగి పైకెత్తారు.

"అదిగో! పాప గౌను చేతులకి కుట్టాలని ఎలాస్టిక్ దారం తెచ్చుకుంటే, ఇల్లంతా వెతికించారు కదండీ!" అంది భార్య.

పిల్ల ఏడుపు ఆపి, దారం రెండో కొస పట్టి లాగింది. సిరాచుక్కలు దూరంగా జరిగాయి. వదిలింది. చుక్కలు దగ్గరకొచ్చాయి, కొస ఠప్పున మాస్టారి ముక్కుకు తగిలింది. పిల్ల కిలకిలా నవ్వి, వియ్యంకుడి చేతుల్లోంచి తాతగారి మీదికి దూకింది.

అక్కడినుంచే దారాన్ని మరోసారి లాగి, ఆయన చెయ్యడం మరచిన పరీక్షను తాను చేసి చూసింది.