కృతజ్ఞతకు పది మార్కులు

ప్రపంచంలోని సమస్త వస్తువులకూ వర్తించే నియమం ఒకదాన్ని ఆ చర్చి సంఘం సేవా విభాగం కనిపెట్టింది. వస్తువు చర్చి గుమ్మంలోకి ఎవరి చేతుల మీదుగానైనా రావచ్చు. బయటికి పోవాలంటే మాత్రం పేదవాడి చేతుల మీదుగానే పోవాలి. (పేదవాడంటే ఎవరో తేల్చడానికి నాలుగు పేజీల ఫారం ఉంది. దాని సంగతి తర్వాత.) ఈ నియమం పెట్టి పదకొండేళ్లయింది. ఈ పదకొండేళ్లలో స్టోరు గదిలోంచి ఒక్క వస్తువు కూడా దొంగల పాలు కాలేదు. పేదల పాలైనవి కూడా వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇంత పటిష్ఠమైన ఏర్పాటు మీదికి కాలు దువ్విన మనిషి కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. వీధిలో అందరూ మెకానిక్ అంటారు. అరవై ఎనిమిదేళ్లు. నాలుగు నెలల కిందట భార్య పోయింది. పరామర్శకు వచ్చినవాళ్లలో ఎవరెవరు ఫోను చూసుకుంటూ కూర్చున్నారో ఆయనకి వరసగా గుర్తుంది.

ఆయనకి కావలసింది ఒక గిన్నె.

పెద్ద అల్యూమినియం గిన్నె. ఒక పక్కన అరచేయంత సొట్ట. మూత పిడి ఊడిపోతే ఆయనే దారం చుట్టే బాబిన్ ఒకటి తెచ్చి మర బిగించాడు. ఆ గిన్నెతో ఆయన భార్య తొమ్మిదేళ్లు, ప్రతి నెలా మొదటి శనివారం, చర్చి వెనక వసారాలో సూప్ కాచింది. సొట్ట దాకా కాస్తే పన్నెండు మందికి సరిపోతుంది. ఆకలితో వచ్చేవాళ్లు పన్నెండు మందే. వాళ్ల గురించి ఎక్కడా రాసుకోలేదు. సొట్టే గుర్తు.

ఆమె పోయాక సేవా విభాగం ఆ కార్యక్రమాన్ని ఆపలేదు. ఒక మెట్టు పైకి తీసుకెళ్లింది. ఇప్పుడు మొదటి శనివారం ఆకలిపై అవగాహన సదస్సు జరుగుతోంది. సూప్ కోసం వచ్చే పన్నెండు మందినీ ముందు వరసలో కూర్చోబెట్టి, ఆకలి ఎలా ఉంటుందో తెర మీద బొమ్మలతో చెబుతారు. (రెండో నెలకి నలుగురే వచ్చారు. ఆకలి తగ్గుముఖం పట్టిందని నివేదికలో రాశారు.)

గిన్నె ఊరికే లేదు. యూత్ వాళ్లు అందులో లక్కీ డిప్ చీటీలు వేసి గరిటెతో కలుపుతున్నారు. నిధుల కోసమే. ఆ నిధులు దేనికంటే, వచ్చే లక్కీ డిప్ బ్యానరుకి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మెకానిక్ ఆ గరిటె చూశాడు. నేరుగా స్టోరు గదికి పోయాడు. స్టోరు తాళంచెవి టీచరమ్మ దగ్గర ఉంటుంది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై, ఇప్పుడు పిల్లలకి బదులు దుప్పట్లని వరసలో నిలబెడుతోంది.

"టీచరమ్మా, మీ వదిన గిన్నె ఇప్పించు."

ఆమె కళ్లజోడు పెట్టుకుని రిజిస్టరు తీసింది. వేలు పెట్టి చదివింది.

"ఇదిగో అన్నయ్యగారూ. గిన్నె, పెద్దది, మూతతో సహా. దానం."

"దానమెవరిచ్చారు? నెలనెలా మోసుకురావడం బరువని ఇక్కడ పెట్టింది. అరువు."

"అరువనే గడి లేదుగా. వచ్చినవి, పోయినవి. వచ్చినవంటే దానం. పోయినవంటే పంపిణీ."

"రాసింది నువ్వే కదా?"

"నేనే. ఉన్న గడిలోనే రాయాలిగా. ముప్పై ఏళ్లు పిల్లలకి గీత దాటొద్దని చెప్పినదాన్ని."

"అయితే ఇప్పుడేం చెయ్యమంటావు?"

"మీరు పేదవాళ్లు కావాలి."

"ఇప్పుడు తక్కువేముందని?"

"అది మీరూ నేనూ అనుకుంటే చాలదు. మార్కులు రావాలి."

మార్కులు యూత్ అన్న చేతిలో ఉంటాయి. యూత్ అన్నకి నలభై ఆరేళ్లు. ఇరవై రెండో ఏట యూత్ అధ్యక్షుడయ్యాడు. మళ్లీ ఎన్నిక జరగాలంటే అధ్యక్షుడు ఒక కాగితం మీద సంతకం పెట్టాలి. ఆయనకి తీరిక దొరకలేదు. జుట్టుకి రంగేసుకుని, చేతిలో రసీదు పుస్తకంతో, ఎప్పుడూ పరుగు మీద ఉంటాడు. సంఘంలో అందరికీ అన్నే, కాలేజీకి వెళ్లే తన కూతురి స్నేహితులతో సహా.

"వందనాలు అంకుల్! ఇంత చిన్న విషయానికి మీరు బాధపడటమేంటి? ఫారం నింపండి, అంతే," అన్నాడు.

ఆ ఫారం పేరు అవసరత నిర్ధారణ పత్రం. అరవై మార్కులు వచ్చినవాడు పేద. యాభై తొమ్మిది వచ్చినవాడు దాత. (అతని ఇంటికి మర్నాడే రసీదు పుస్తకం వెళుతుంది.) తప్పినవాడు మూడేళ్లాగి మళ్లీ దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆలోగా మరింత చితికిపోయే అవకాశం కల్పించడమే దీని ఉద్దేశం.

మెకానిక్‌కి భార్య లేనందుకు పదిహేను వచ్చాయి. పిల్లలు లేనందుకు పదిహేను. వయసుకి పన్నెండు. ఇంటికప్పు కారుతున్నందుకు పది. చేతిలో పని ఉన్నందుకు రెండు కోత. యాభై. అయిదో ప్రశ్న, ఆ వస్తువు మీకెందుకు కావాలి అని. ఆయన 'నాది' అని రాశాడు. ఆ జవాబుకి మార్కులు లేవు.

ఇక మిగిలింది కృతజ్ఞత. పది మార్కులు. ఇంటికొచ్చి మొహం చూసి వేస్తారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మెకానిక్ మొహం సూదిలోకి దారం ఎక్కనివాడి మొహం. పెళ్లి ఫోటోలో కూడా అంతే. ఆ మొహంలో కృతజ్ఞత చూసినవాళ్లు ఎవరూ లేరు. చూశానని చెప్పగలిగిన ఒక్క మనిషి నాలుగు నెలల కిందటే పోయింది. పదికి పది వస్తే గిన్నె వస్తుంది. తొమ్మిదొస్తే మూడేళ్లు గరిటెతో చీటీలు కలుపుతారు.

బుధవారం పదింటికి యూత్ అన్న, టీచరమ్మ తనిఖీకి వచ్చారు. యూత్ అన్న ఇల్లంతా తిరిగాడు. మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇంత శుభ్రంగా ఉంచుకుంటే ఎలా అంకుల్? ఫోటోలో ఏం కనపడుతుంది?"

"దుమ్ము తెచ్చి పొయ్యమంటావా?"

"అంటే, దాతలు కూడా ఫీలవ్వాలి కదా. పోనీ, అలా గోడ దగ్గర నిలబడండి. చేతులు కట్టుకోండి. అలాక్కాదు, అది కొట్టడానికొచ్చినట్టుంది. ముందుకి. ఆఁ. ఇప్పుడు కళ్లలో కొంచెం వెలుగు."

మెకానిక్ వెలుగు కోసం ప్రయత్నించాడు. పై పెదవి ఒక పక్కకి లేచింది.

"పంటినొప్పా అంకుల్?"

"కృతజ్ఞత."

"నాలుగు వెయ్యొచ్చు," అన్నాడు యూత్ అన్న ఫోను దించి, ఎంతో ఉదారంగా. "ఎవరైనా మీకు మేలు చేసినట్టు ఊహించుకోండి."

మెకానిక్ సంఘంలోని మనుషుల్ని ఒక్కొక్కరినే గుర్తు తెచ్చుకున్నాడు. మొహం ఇంకా పాడైంది. మూడుకి దిగింది.

టీచరమ్మ అప్పటిదాకా వంటింట్లో ఉంది. అక్కడినుంచి పిలిచింది.

"అన్నయ్యగారూ, ఈ అరమీద ఇంత గుండ్రటి మరకేంటి?"

మెకానిక్ అటు తిరిగాడు. పొయ్యి పక్క చెక్క అర మీద, నల్లగా, ఒక పెద్ద వలయం. గిన్నె వేడిగా దించితే చెక్క కాలిన మరక. దించొద్దని ఆయన అనడం, ఆమె దించడం, ఇరవై ఏళ్లు జరిగింది. కాసేపు చూస్తూ నిలబడ్డాడు.

"అదీ!" అని అరిచాడు యూత్ అన్న. ఫోను టకటకమంది. "అదే అంకుల్! కదలొద్దు! అబ్బ, ఇదీ కృతజ్ఞతంటే! ఇన్నేళ్లలో ఇలాంటిది చూడలేదు. అక్కా, పదికి పది రాయండి."

టీచరమ్మ అరని చూసింది. మెకానిక్‌ని చూసింది. కలం తీసి, గీత దాటకుండా, పది అని రాసింది.

అలా మెకానిక్ ఆ ఏటి పేదవాడిగా ఎంపికయ్యాడు. ఆ ఫోటోని బ్యానరు వేశారు. చర్చి గేటు మీద ఎనిమిదడుగుల ఎత్తున ఆయన తన వంటింటి అర వైపు చూస్తూ వేలాడాడు. కింద 'ఈ చిరునవ్వుకి కారణం మీరే' అని రాసి ఉంది.

పంపిణీ సభ రోజు ఆయన్ని వేదిక మీద కుర్చీలో కూర్చోబెట్టారు. ఎదురుగా బల్ల మీద గిన్నె. నిండా చీటీలు.

"ఇదేంటి?" అన్నాడు మెకానిక్ యూత్ అన్నతో. "గిన్నె కావాలని ఫారంలో రాశాను కదా."

"రాసింది రాశారు. కానీ కావలసింది అడగడం అవిశ్వాసం అంకుల్. చీటీ తియ్యాలి. స్టోరులో ఉన్న ప్రతి వస్తువుకీ టీచరమ్మ రాసిన చీటీ ఉంది."

"గిన్నెకి ఉందా?"

"చీటీలే గిన్నెలో ఉంటే గిన్నెకి చీటీ ఎలా ఉంటుంది అంకుల్?" అని యూత్ అన్న ముచ్చటగా నవ్వాడు, చిన్నపిల్లాడి అమాయకత్వం చూసినట్టు.

పాస్టరుగారు మైకు అందుకున్నారు. "మన సహోదరుడి అవసరత ఏమిటో ప్రభువుకి తెలుసు."

"నాకూ తెలుసు," అన్నాడు మెకానిక్. మైకు దగ్గరగా ఉండటం వల్ల అందరికీ వినపడింది. సాక్ష్యం అనుకుని చప్పట్లు కొట్టారు.

లేచి గిన్నెలో చెయ్యి పెట్టాడు. చీటీల కింద, వేళ్లకి, సొట్ట లోపలి ఉబ్బు తగిలింది. చెయ్యి అక్కడే ఉంచాడు. దేవుడి చిత్తం కోసం వెతుకుతున్నాడనుకుని సభ ఓపిగ్గా ఎదురుచూసింది. చివరికి టీచరమ్మ దగ్గింది. ఆయన ఒక చీటీ తీశాడు.

యూత్ అన్న విప్పి చదివాడు. గొంతు సగంలో నీరుగారింది. "మూత... ఒకటి."

స్టోరులో ఒక మూలనున్న మూత తెచ్చారు. బాబిన్ పిడికి ఎర్ర రిబ్బను కట్టారు. నలుగురు సంఘపెద్దలు నాలుగు వైపులా పట్టుకుని అందించారు. ఫోటో దిగారు. అయిపోయిందనుకుని జనం లేవబోతుంటే, టీచరమ్మ నియమాల పుస్తకంతో ముందుకొచ్చింది.

"పద్నాలుగో నియమం," అంది, బడిలో హాజరు పిలిచే గొంతుతో. "జత విడిన వస్తువు స్టోరులో ఉంచరాదు. ఆ రోజే పారెయ్యాలి."

"ఏ వస్తువక్కా?"

"గిన్నె. మూతతో సహా అని రిజిస్టరులో ఉంది. ఇప్పుడు మూత లేదు."

"అది లక్కీ డిప్ గిన్నె అక్కా!"

"సంతకం మీదే. ఇదిగో, ఇరవై నాలుగేళ్ల నుంచీ ఒకటే సంతకం."

యూత్ అన్న పాస్టరుగారి వైపు చూశాడు. పాస్టరుగారు పైకప్పు వైపు చూశారు.

"పోనీ," అన్నాడు యూత్ అన్న, "బయటికి పోతుందంటే పేదవాడి చేతుల మీదుగా పోవాలి కదా? ఫారం కావాలి కదా?"

"అది పంపిణీకి. ఇది పారెయ్యడం. పారేసినవాటికి గడి లేదు."

చీటీలన్నీ తన చేతిసంచిలోకి ఒంపుకుని జిప్పు లాగింది. గిన్నెని తీసుకెళ్లి వెనక గుమ్మం పక్కన, చెత్తడబ్బా దగ్గర, బోర్లించింది. ముందు గుమ్మంలో దాతలు ఫోటోలు దిగుతున్నారు. అందుకని పేదవాడిని వెనక గుమ్మంలోంచే పంపారు.

ఇంటికెళ్లాక గిన్నె కడగబోతే అడుగున ఒక చీటీ అతుక్కుని ఉంది. మెకానిక్ తడి చేత్తోనే విప్పాడు. గుండ్రటి బడి అక్షరాలు. 'మూత - ఒకటి'.

ఆ గిన్నెకి ఉన్న మూత ఒక్కటే. అది అప్పటికే పొయ్యి పక్కన ఉంది. ఆయన చీటీని మడిచి, సూదులు దాచే డబ్బాలో వేశాడు. మర్నాడు టీచరమ్మ ఎదురైతే, ఆమె ఇంట్లో మిషన్ బాగానే ఉందా అని అడిగాడు. బాగానే ఉందంది. అయినా వెళ్లి నూనె వేసి వచ్చాడు.

సూప్ చెయ్యడంలో భార్య ఆయనకి నేర్పింది ఒక్కటే, సొట్ట దాకా. అంతకు తక్కువ ఎలా చెయ్యాలో ఆయనకి తెలియదు. అందువల్ల మొదటి శనివారం తినేవాళ్లని వెతుక్కోవలసి వచ్చింది. సదస్సు మానేసిన ఎనిమిది మంది ఎక్కడుంటారో ఆయనకి తెలుసు. మిగతా నలుగురూ సదస్సు మధ్యలో లేచి వచ్చేశారు. అందరూ మెట్ల మీద కూర్చుని తిన్నారు. ఉప్పు తక్కువైందన్నారు. ఆమె చేసినట్టు లేదన్నారు. ఆయన కూడా ఎవరినీ మరికాస్త వేసుకోమని అడగలేదు. వాళ్లే వేసుకున్నారు.

ఆ సమయానికి యూత్ అన్న వచ్చాడు, చంకలో రసీదు పుస్తకంతో.

"వందనాలు అంకుల్. ఇది... ఏ విభాగం తరఫున చేస్తున్నారు?"

"వంటింటి తరఫున."

"మంచిది, మంచిది. ఏం లేదంకుల్, రేపు లక్కీ డిప్ ఉంది. ప్లాస్టిక్ బకెట్లో వేస్తే చీటీలు అంటుకుపోతున్నాయి. ఆ గిన్నె ఒక్క పూట ఇచ్చారంటే సాయంత్రానికల్లా తెచ్చిచ్చేస్తాం. అరువే."

మెకానిక్ చేతిలోని గరిటె పక్కన పెట్టాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. యూత్ అన్న గడ్డం పట్టుకుని మొహాన్ని వెలుతురు వైపు తిప్పి, విరిగిన సూది కోసం వెతికినట్టు, చాలాసేపు చూశాడు.

"రెండు కూడా వెయ్యలేను బాబూ," అన్నాడు. "మూడేళ్లాగి మళ్లీ పెట్టుకో."