తాళం వేసిన చలివేంద్రం

పదకొండింటికి కోటిలింగం గారు వచ్చేలోగా బీరువా తెరిచి, పిల్లల చేత తలా ఒక కథ చదివించేయాలని దేవమణి టీచర్ ఆ శనివారం పొద్దున్నే అనుకుంది. చిన్న పనే. బీరువా తాళంచెవి ఒక్కటే ఆవిడ దగ్గర లేదు.

కోటిలింగానికి జగ్గయ్యపేటలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం. ఎనిమిది నెలల కిందట బడికి నూట ఇరవై పిల్లల కథల పుస్తకాలు, అద్దాల బీరువా దానమిచ్చాడు. మూట విప్పితే సరుకు విలువ పడిపోతుందన్నది ఆయన సిద్ధాంతం. అందుకని పుస్తకాలను ప్లాస్టిక్ కవర్లతోనే సర్దించి, తాళం వేసి, చెవిని గోడౌన్ చెవులతో పాటు మొలతాడుకి కట్టుకున్నాడు. అడిగితే "నలిగిపోతాయి టీచరమ్మా" అనేవాడు. ఒక పుస్తకం అట్ట మీది ఎలుక ఏనుగును ఎలా ఓడించిందో ఆ రెంటికీ తప్ప బళ్ళో ఎవరికీ తెలియదు.

నిన్న ఆయనే ఫోన్ చేశాడు. "రేపొస్తున్నా, పిల్లల చేత కథలు చెప్పించండి. పుస్తకాలు చదవట్లేదని తెలిసిందా, బీరువా నందిగామ బడికి పంపించేస్తా." తాళంచెవి ఎవరి మొలకుందో గుర్తుంచుకోవడం దాతల పని కాదు కదా!

ఉన్న ఒక్క బీరువా పోతుందని దేవమణికి దడ పట్టుకుంది. ఆయనేమో వేదాద్రి గుళ్ళో ఉన్నాడు, ఫోన్ ఎత్తలేదు. ఇంటికి చేస్తే భార్య పుష్పవతి పలికింది.

"మారు తాళంచెవులు ఉన్నాయి టీచర్ గారూ. ఏది దేనిదో ఆయనకే తెలీదు. గుత్తి మొత్తం ఆటోలో పంపిస్తున్నా."

గుత్తిలో నలభై మూడు చెవులు. నలభై రెండోది లోపలికి దూరింది. తిప్పబోతే సగం తాళంలోనే విరిగిపోయింది. సరిగ్గా అప్పుడే కోటిలింగం ప్రసాదం పొట్లంతో దిగాడు. దేవమణి తాళానికి వీపు అడ్డం పెట్టి నిలబడింది.

"ఏదీ, కథ ఎవరు చెప్తారు?"

పిల్లలందరూ నేల చూపులు చూశారు. ఐదో తరగతి జెరూషా మాత్రం టీచర్ మొహం చూసి లేచింది.

"ఒక షావుకారు చలివేంద్రం పెట్టాడండీ. నీళ్ళు పాడైపోతాయని కుండకి మూతేసి తాళం వేశాడు. దారినపోయేవాళ్ళు కుండకి దణ్ణం పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. ఒకరోజు షావుకారుకే దాహమేసింది. చూస్తే తాళంచెవి పోయింది."

"అప్పుడో?"

"కుండ పగలగొట్టుకుని తాగాడండీ."

కోటిలింగం పొట్ట పట్టుకుని నవ్వాడు. "ఎంత వెర్రివాడమ్మా! ఏ పుస్తకంలోది?"

"అందులోదేనండీ," అని జెరూషా బీరువా చూపించింది.

ఆ కథ మనవడికి అప్పటికప్పుడే ఫోన్లో చదివి వినిపించాలని ఆయనకి పట్టుదల వచ్చింది. దేవమణిని పక్కకి జరిపి, మొలతాడు విప్పి చూస్తే, విరిగిన ముక్క అడ్డుపడి చెవి తాళంలో దూరదు. పిల్లల్ని దూరం జరగమని, బడిగంట కొట్టే సుత్తి తెచ్చి అద్దం మీద ఒక్కటేశాడు. ముక్కలు ఊడ్పించి, కవర్లు చించుకుంటూ కింద కూర్చుని వెతికాడు. ఆయన పక్కన పడేసిన పుస్తకాన్నల్లా పిల్లలు అందుకుని చదువుకున్నారు. దేవమణికి ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

అరవయ్యో పుస్తకం దగ్గర ఆయన ఆగి సుత్తినీ, బీరువానీ మార్చి మార్చి చూశాడు.

"ఆ షావుకారు పేరేంటమ్మా?"

"పుస్తకంలో పేరు రాయలేదండీ."

ఆయన లేచాడు. ప్రసాదం పొట్లం జెరూషా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు పిల్లలు అద్దం లేని తలుపులోంచి చెయ్యి పెట్టి ఏ పుస్తకం కావాలంటే అది తీసుకుంటున్నారు. బీరువాకి తాళం మాత్రం ఈరోజుకీ వేసే ఉంది.