గుమాస్తా రాని భుజాలు

ఆ ఊళ్లో ఆరేళ్లు నిండిన ప్రతి మనిషికీ పురపాలక కార్యాలయం వారు ఎడమ భుజం మీద బెత్తెడు గుమాస్తాను కుర్చీ వేసి కూర్చోబెడతారు. ఏ పని ముందు, ఏది వెనక, ఎక్కడ ఆపాలి అన్నది చెవిలో చెప్పడం అతని ఉద్యోగం. ఆదివారాలు కూడా సెలవు లేదు.

సుగుణమణి కూతురు ఇందుజకు పన్నెండేళ్లు వచ్చినా గుమాస్తా రాలేదు. పిల్ల లెక్కలన్నీ చేస్తుంది, పుస్తకం ఇంట్లో మరిచిపోతుంది. ఒక చెప్పు తొడుక్కుని, రెండోది వెతుకుతూ చీమల బారు చూసి అక్కడే అరగంట కూర్చుంటుంది. బడివాళ్లు రిజిస్టరులో 'సోమరి' అని రాశారు. శనివారంలోగా కొట్టేయించకపోతే సిరా ఆరిపోయి ఆ మాట జన్మంతా ఉండిపోతుంది. అది నిబంధన.

సోమవారమే వెళ్దామనుకున్న సుగుణమణి పిల్లనూ, బడి రిజిస్టరునూ తీసుకుని శుక్రవారం పురపాలక కార్యాలయానికి వెళ్లింది.

ఆఫీసరు భూతద్దంతో ఇందుజ భుజం చూశాడు. "కుర్చీ కాళ్ల గుర్తుల్లేవు. పోస్టు ఖాళీ. అమ్మా, మీరూ ఓసారి ఇటు తిరగండి."

"నాకెందుకండీ, నలభై రెండేళ్లొచ్చాక?"

కొంగు చాటున ఉన్న ఆ భుజాన్ని అంతవరకూ ఎవరూ చూడలేదు. అదీ నున్నగానే ఉంది.

"మరి ఇన్నాళ్లూ ఇల్లెలా నడిపారమ్మా?"

సుగుణమణి కొంగు చూపించింది. పదిహేడు ముళ్లు. "ఇది పొయ్యి మీద పాలకి, ఇది కరెంటు బిల్లుకి, ఇది మా ఆయన బీపీ మాత్రకి..."

"ఈ చివరిదో?"

"మిగతా ముళ్లు చూసుకోవాలని గుర్తుకండీ."

ఇందుజ పకపకా నవ్వింది. "అమ్మా, నువ్వూ నాలాగేనా? మరి రోజూ నన్ను తిడతావేంటి?"

"నన్ను మా అమ్మ తిట్టిందే. అదే మందనుకున్నా." ఆఫీసరు వైపు తిరిగింది. "ఇది సోమరి కాదండీ. పొద్దున్నే బడికి తయారవడానికి ఇది పడే పాటుతో మీరు మూడు ఆఫీసులు నడపొచ్చు. రాసుకోండి."

ఆఫీసరు 'సోమరి' కొట్టేసి ధ్రువపత్రం ఇచ్చాడు. కారణం: తల్లి. పరిష్కారం: తల్లి. గుమాస్తా: అనవసరం.

"మరి నాకండీ?"

"మీకు నడిచిపోతోంది కదమ్మా."

ప్రభుత్వ కాగితం మీద రెండు గడుల్లోనూ తానే ఉన్నందుకు సుగుణమణి ఛాతీ ఉప్పొంగింది. పటం కట్టించి హాల్లో తగిలించింది. చూడవచ్చిన ఆడవాళ్లు మెచ్చుకుని, వెళ్తూ వెళ్తూ గొంతు తగ్గించి ఆ ఆఫీసు ఎక్కడని అడుగుతారు. ఆమె చెబుతుంది. ఇంట్లో పనులన్నీ అయ్యాక తప్పకుండా వెళ్తామంటారు.