ప్రకటనల విరామంలో కావ్యక్క సమ్మతి

మనిషి పుట్టిన క్షణంలోనే అతని జోడీని నిర్ణయించే యంత్రాన్ని మరో నూరేళ్లకు కనిపెడతారని, మొన్న ఆదివారం టీవీలో వచ్చిన ఒక సినిమా లోకానికి ప్రకటించింది. సైన్సు ఇంత వెనకబడి ఉన్నందుకు తర్లుపాడు మండలంలోని మా ఊరి తరఫున సానుభూతి తెలియజేస్తున్నాము.

మా ఇంట్లో ఈ యంత్రం ఎప్పటినుంచో పనిచేస్తోంది. పేరు కృష్ణవేణమ్మ. మా నాయనకు తల్లి, నాకు అవ్వ. సినిమాలోని యంత్రం మేడంత ఉంటుంది, నీలం లైట్లు వెలుగుతాయి, అది వేడెక్కకుండా పెద్ద పెద్ద ఫ్యాన్లు తిరుగుతుంటాయి. అవ్వకు ఆకూ వక్కా చాలు. కరెంటు పోయినా ఆగదు. మా అక్క కావ్య పుట్టిన రోజున అవ్వ మంచం మీదికి వంగి, బిడ్డ ముక్కును ఒకసారి పరిశీలించి, "ఇది మా కొండమ్మ కొడుకుది" అని ఫలితం వెలువరించింది. కొండమ్మ మా మేనత్త. ఆమె కొడుకు శ్రీహరి బావ ఆ సమయంలో గొర్రెపిల్ల తనను పొడిచిందని ఏడుస్తున్నాడట. (ఆయన అభిప్రాయం అప్పుడే తీసుకున్నట్లు లెక్క.)

సినిమాలో బూడిదరంగు కోట్లు వేసుకున్న విధి శాఖ అధికారులు ఉంటారు. ఒకరినొకరు కావాలనుకునే ఇద్దరిని విడదీయడం వాళ్ల ఉద్యోగం. హీరో రైలెక్కబోతే తలుపులు మూస్తారు, ఫోన్ చేయబోతే సిగ్నల్ తీసేస్తారు. దానికే చెమటలు కక్కుతారు. మా శాఖ పని ఇంతకన్నా కష్టం. ఒకరినొకరు వద్దనుకునే ఇద్దరిని కలపాలి. అక్కకు తిరుపతిలో ఎమ్మెస్సీ సీటు వచ్చింది, వచ్చే వారం పోయి చేరాలి. బావకేమో అక్కంటే భయం. "దాన్ని చూస్తే చిన్నప్పుడు నా నెత్తిన పగలగొట్టిన పలక గుర్తొస్తాది" అని ఆయనే ఊరంతా చెప్పుకుంటాడు. ఇలాంటి జంటను ఊహించే స్థాయికి సినిమావాళ్లు ఇంకా ఎదగలేదు.

సినిమా మొదలయ్యేసరికి అత్త కూడా వచ్చి కూర్చుంది.

"ఇదేం సినిమానే?" అంది అవ్వ.

"సైన్స్ ఫిక్షన్, అవ్వా" అన్నాను.

"అంటే ఏంది?"

"జరగనివి జరిగినట్టు చూపిస్తారు."

అవ్వ శ్రద్ధగా చూసింది. ఉయ్యాలల్లో వరసగా పడుకోబెట్టిన పసిపిల్లలకు యంత్రం జోడీలు కట్టేసింది. "ఇందులో జరగనిది ఏముందే?" అంది నిరాశగా. అత్త మాత్రం అధికారుల పక్షం తీసుకుంది. "ఆ కోటాయన చెప్పేది న్యాయమే గదమ్మా. ఆ పిల్లోడే మొండోడు."

అంతలో ప్రకటనలు వచ్చాయి. మా ఇంట్లో ముఖ్యమైన విషయాలన్నీ ప్రకటనల విరామంలోనే తేలుస్తారు, సినిమా పాడవకుండా. పెళ్లికి సమ్మతి సేకరణ ప్రారంభమైంది. దీనికి నిబంధనలున్నాయి. పిల్ల తల దించుకుంటే సమ్మతి. లోపలికి పోతే సిగ్గు, కనుక సమ్మతి. ఏడిస్తే పుట్టింటి మీద ప్రేమ, కనుక గట్టి సమ్మతి. జవాబు చెప్తే ఏమిటన్నది నిబంధనల్లో లేదు. అంతవరకు అవసరం పడలేదు.

"ఏమ్మా కావ్యా, నీకు ఇష్టమే గదా?" అన్నాడు నాయన, టీవీ వైపు చూస్తూనే.

అక్క తల దించలేదు, లోపలికి పోలేదు, ఏడవలేదు. "వద్దు నాయనా. నేను తిరుపతి పోయి చదువుకుంటా" అంది.

టీవీలో ఎవరో సబ్బుతో మొహం కడుక్కుంటున్నారు. అది అయ్యేదాకా అందరూ చూశారు. తర్వాత అత్త ఫోన్ తీసి స్పీకర్ పెట్టింది.

"ఒరే శ్రీహరీ, ఏమంటావురా?"

గొర్రెల అరుపుల మధ్యనుంచి బావ గొంతు వచ్చింది. "నాకూ వద్దు మా. దాన్ని పోనీండి తిరుపతికి."

అవ్వ ఆకు నములుతూ ఆలోచించింది. (యంత్రం సమాచారాన్ని సరిచూసుకుంటున్నప్పుడు మధ్యలో మాట్లాడకూడదు.)

"చూసినారా? ఇది ఏమంటే వాడూ అదే అంటాన్నాడు. ఇద్దరి మనసూ ఒకటే."

అత్తకు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాయన పంతులుగారికి ఫోన్ కలిపాడు.

"నేనేమన్నా, మీరేమంటున్నారు?" అంది అక్క.

"ఎదురు చెప్తాందే! నా కోడలంటే ఇట్ల ఉండాల" అంది అత్త మురిసిపోయి.

అక్క కోరికను పూర్తిగా తోసిపుచ్చారని ఎవరూ అనుకోకూడదు. తిరుపతి విషయాన్ని సభ సానుభూతితో పరిశీలించింది. పెళ్లయ్యాక ఇద్దరూ పోయి కొండెక్కి దండం పెట్టుకుని రావచ్చని తీర్మానించింది.

ప్రకటనలు అయిపోయాయి. సినిమా చివరికి వచ్చింది. హీరోయిన్ ఒంటరిగా పెద్ద అధికారి ముందు నిలబడి, "వద్దు" అంది. ఒక్కసారే అంది. అధికారి ఆమె మొహంలోకి చూశాడు. యంత్రాన్ని ఆపించాడు. తప్పయిందన్నాడు. తానే వెళ్లి తలుపు తీసి, ఆమెకు దారి ఇచ్చి పక్కకు నిలబడ్డాడు.

అవ్వ నమలడం ఆపింది.

"ఓహో, జరగనిదంటే ఇదా!" అంది నా వైపు తిరిగి. "ఇప్పుడు అర్థమైందే నాకు."