మందు వాడని పాప

"ఈ ఆసుపత్రిలో పిల్లల పుండ్లకీ, గడ్డలకీ ఇకమీదట అనవసరంగా ఒక్క చుక్క యాంటీబయాటిక్ కూడా పడదు" అని ఆరోగ్య మంత్రిగారు మైకులో ప్రకటించారు. సూపరింటెండెంటుగారు అందరికంటే ముందు చప్పట్లు కొట్టి, అందరికంటే ఆఖర్న ఆపారు. ఆయన ప్రమోషన్ ఫైలు మంత్రిగారి బల్లమీదే ఉంది మరి.

మందు లేకుండా నయమైన బిడ్డను సోమవారం టీవీల ముందు ఎత్తుకోవాలని మంత్రిగారి ముచ్చట. వెతకబోయిన తీగ కాలికి తగిలినట్టు, వార్డులో నాలుగేళ్ల పాప దొరికింది. మోకాలి మీద సెగ్గడ్డ. డాక్టరమ్మ కోసి, చీము తీసి, కట్టు కట్టి, "మందులక్కర్లేదు, రేపు ఇంటికి పోవచ్చు" అంది.

"సోమవారం దాకా కదలడానికి వీల్లేదు" అన్నారు సూపరింటెండెంటుగారు.

"ఇంట్లో చంటోడున్నాడు సార్, పక్కింటామె దగ్గర వదిలొచ్చా" అంది తల్లి.

"దేశం కోసం ఆ మాత్రం ఓర్చుకోలేవా అమ్మా?"

తీరా కెమెరాల ముందు పాపకి జ్వరమొస్తే? సూపరింటెండెంటుగారు ముందుజాగ్రత్తగా ఓ యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రాశారు.

"ఇదెందుకు సార్?" అంది డాక్టరమ్మ.

"మందు అక్కర్లేదని రుజువు చెయ్యొద్దూ?"

సోమవారం మంత్రిగారు రాలేదు. గురువారం అన్నారు. సూపరింటెండెంటుగారి భయంతోపాటు ఇంజెక్షన్లూ రెట్టింపయ్యాయి. గురువారమూ రాలేదు. ఈసారి ఇంకా గట్టిది రాశారు. పాపకి విరేచనాలు పట్టుకున్నాయి, ఆపైన ఒళ్లంతా దద్దుర్లు. తల్లి రోజూ సంచి సర్దుకుంటూనే ఉంది. పాపం, ఆమె గోడు వినే తీరిక ఎవరికుంది?

చివరికి మంత్రిగారు వచ్చారు. పాపను ఎత్తుకుని, "ఒక్క మందు వాడలేదు, చూడండి" అన్నారు. జనంతోపాటు ఆయనా చూశారు. మరుక్షణం పాప తల్లి చేతుల్లో ఉంది.

"అంటుకుంటుందా?" అని సూపరింటెండెంటుగారి చెవిలో అడిగారు.

"అబ్బే, లేదు సార్." ఆ దద్దుర్లు ఎందుకొచ్చాయో చెప్పే ధైర్యం ఆయనకి లేదు.

"ఎందుకైనా మంచిది, నాకో ఇంజెక్షన్ వేయించండి. గట్టిది."

సూపరింటెండెంటుగారు నర్సుకి సైగ చేశారు. ఆమె బీరువా తెరిచి చూసి, వార్డంతా వినబడేలా చెప్పింది.

"లేవు సార్. ఉన్నవన్నీ ఈ పాపకే వేసేశాం."

కెమెరాలన్నీ అటు తిరిగాయి. పాప తల్లి మాత్రం సంచి భుజాన వేసుకుంది.

"అయిపోయాయా సిస్టర్? అయితే ఇక మేం పోవచ్చుగా?"