మరక పడని కోటు

ఆ ఉదయం టైలర్ మాస్టారు వేసుకున్న పథకంలో తప్పు పట్టడానికేమీ లేదు. పదకొండింటికి కొండలెక్కేవాళ్ళ సంఘం సెక్రటరీ గారు వస్తారు. ముందుగదిలో కొక్కేనికి వేలాడుతున్న నీలం వానకోటు చూస్తారు. కుట్లు లాగి చూస్తారు, జేబుల్లో చెయ్యి పెట్టి చూస్తారు, సంఘంలో అందరికీ తలా ఒకటి కుట్టమంటారు. ఎంత పెద్ద పనికైనా "ఫర్వాలేదు, నేను చూసుకుంటాగా" అనే మనిషి కాబట్టి, వీధిలో అందరూ ఆయన్ని ఫర్వాలేదు మాస్టారనే పిలిచేవారు.

ఈ ఆర్డరు పోతే మాత్రం ఆ మాట అనడానికి ఆయనకు కూడా నోరు వచ్చేది కాదు. ఏడాది కిందట భార్య మాట విని ఆయన పాత రకం బట్ట కొనడం మానేశాడు. నీళ్ళు అంటకుండా ఆ బట్టకు పూసే మందులో శాశ్వత రసాయనాలుంటాయని, అవి ఉతికిన నీళ్ళతో బయటికి పోయి నేలలోనూ చెరువుల్లోనూ చేరి, చివరికి మనిషి నెత్తుటిలోకి వచ్చి కూర్చుంటాయని ఆమె చదివింది.

"వచ్చాయంటే ఇక పోవు. అందుకే వాటికా పేరు," అందామె.

"మీ అన్నయ్యలాగా," అన్నాడు మాస్టారు, పక్కగదిలోకి వినబడకుండా.

కొత్త బట్టకు పూసింది ఒక రకం మైనం. ఆ మందు జోలికి పోని మిల్లు నుంచి తెప్పించారు. మంచి బట్టే గాని ఖరీదెక్కువ. పాత ఖాతాదారులు ఒక్కొక్కరే జారుకున్నారు. ఈ సంఘం కూడా కాదంటే మాస్టారు మళ్ళీ స్కూటర్ల సీటు కవర్లు కుట్టుకుంటూ బతకాల్సిందే. ఆ కవర్ల మీద ఎవరు కూర్చుంటారో తప్ప ఎవరు కుట్టారో లోకానికి పట్టదని ఆయన బాధ.

పక్కగదిలోని అన్నయ్యగారు, అంటే మాస్టారి పెద్దబావ, ఇంటి పైకప్పు బాగుచేయిస్తున్నానని, రెండు రోజుల్లో వెళ్ళిపోతానని వచ్చి రెండు వానాకాలాలైంది. వస్తూ ఒక పెట్టె, ఒక నీలం వానకోటు తెచ్చుకున్నాడు. ఆ కోటంటే ఆయనకు ప్రాణం. "పదిహేనేళ్ళ కోటు. చూడు, ఒక్క మరక ఉందేమో చూడు," అని వచ్చినవాళ్ళందరికీ చూపించేవాడు. వాన వస్తే మాత్రం అది తడుస్తుందని ఇంట్లో పెట్టి, మాస్టారి గొడుగు వేసుకుని వెళ్ళేవాడు. దాని కోత బాగుందని మాస్టారు కొలతలు అందులోంచే తీసుకుని కొత్త కోటు కత్తిరించాడు. పక్కపక్కన పెడితే కవల పిల్లల్లా ఉండేవి.

పథకం చెడటం ఫలహారం దగ్గర మొదలైంది.

"నిన్న సెక్రటరీ గారు ఫోన్లో ఏదో అడిగారన్నారు, ఏమిటది?" అంది భార్య.

"బట్టకి పరీక్ష చేశారా అన్నారావిడ. ఎప్పుడో చేశాం అన్నాను."

"ఏ పరీక్ష?"

"అది నేనడగలేదు."

భార్య పళ్ళెం పక్కన పెట్టింది. "నీటిచుక్క ఏ వానకోటు మీదైనా జారుతుందండీ. నూనెచుక్క వేస్తే తెలుస్తుంది. పాత మందు పూసిన బట్ట మీద నూనె కూడా ముత్యంలా నిలబడుతుంది. మన బట్టలోకైతే ఇంకుతుంది."

"అంటే మనది మంచిదైతే మరక పడుతుందన్నమాట."

"పడుతుంది. అందుకే పుల్లతో ఒక్క చుక్క, లోపలి అంచు మీద వెయ్యాలి. దారం కొనుక్కుని వచ్చి నేనే వేస్తాను. మీరు ముట్టుకోకండి. నూనె సీసా మూత వదులుగా ఉంది."

"ఫర్వాలేదు," అన్నాడు మాస్టారు.

ఆమె వీధి మలుపు తిరగ్గానే ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. ముప్పై ఏళ్ళు సూదిలోకి దారం ఎక్కించిన చేతికి ఒక్క చుక్క వెయ్యడం ఏ పాటి అనుకున్నాడు. కోటును బల్ల మీద పరిచి, అంచు మడిచి, సీసా వంచాడు. తప్పు చేతిది కాదు. మూత ముందు పడింది, నూనె దాని వెనకే వచ్చింది.

కోటు కుడి వైపు గుప్పెడంత మరక పడింది. బట్ట మంచిదేనని ఆ క్షణంలో ఆయనకు ఏ అనుమానమూ లేకుండా రుజువైపోయింది. సంతోషించడానికి మాత్రం వీలు చిక్కలేదు. గుడ్డ పెట్టి తుడిస్తే గుప్పెడు కాస్తా పళ్ళెమంత అయింది. నూనె పీలుస్తుందని ముఖానికి రాసుకునే పౌడరు చల్లాడు. అది ముద్ద కట్టింది. కాగితం పరిచి ఇస్త్రీ చేస్తే నూనె ఎగిరిపోతుందని ఎవరో అనగా విన్నాడు. ఎగరలేదు, పాకింది. చూస్తూండగా కోటు ముందుభాగంలో ఒక దేశపటం తయారైంది. పౌడరు ఉన్నచోట మంచుకొండలు కూడా ఉన్నాయి.

గడియారం పదకొండుకు దగ్గర పడింది. మాస్టారు మరక కోటును చుట్టచుట్టి మాసిన బట్టల బుట్టలో అడుగున కుక్కాడు. పెద్దబావ స్నానానికి వెళ్ళాడు. ఆయన కోటు గోడకు వేలాడుతోంది, తళతళలాడుతూ. "చూపించేది కుట్టేగా. సెక్రటరీ గారు వెళ్ళగానే తీసి పెట్టేస్తా," అని తనకు తనే చెప్పుకుని, దాన్ని తెచ్చి ముందుగది కొక్కేనికి తగిలించాడు.

సెక్రటరీ గారు హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఎవరితో మాట్లాడినా హోంవర్కు అడుగుతున్నట్టే ఉండేది. దారి మధ్యలో మాస్టారి భార్య కలిసినట్టుంది, ఇద్దరూ కలిసే గుమ్మమెక్కారు.

"పరీక్ష చేశారన్నారు కదా మాస్టారూ. ఫలితం ఎక్కడ?"

"కుట్టు చూడండి ముందు. ఈ భుజం దగ్గర మడత చూశారా," అన్నాడు మాస్టారు, కోటుకీ ఆవిడకీ మధ్య నిలబడి.

"కుట్టుకేం తొందరండీ," అంది భార్య గర్వంగా. "మేం చెప్పడమెందుకు, మీరే వేసి చూడండమ్మా. మా బట్ట మీద మాకు నమ్మకముంది."

మాస్టారు కళ్ళతో ఏదో చెప్పబోయాడు. కంట్లో నలుసు పడిందేమో అనుకుందామె.

సెక్రటరీ గారు సంచిలోంచి కంటిచుక్కల సీసా ఒకటి తీశారు. అందులో నూనె ఉంది. కోటు చేతి మీద ఒక చుక్క వేసి, కళ్ళజోడు సర్దుకుని వంగి చూశారు. చుక్క ముత్యంలా నిలబడింది. ఆవిడ కోటు కొద్దిగా వంచారు. తామరాకు మీద నీటిబొట్టులా జారి కింద పడింది. పడినచోట తడి ఆనవాలు కూడా లేదు.

సెక్రటరీ గారు సీసాకు మూత పెట్టారు. ఆ మూత గట్టిగా ఉంది.

"మా పిల్లలు కొండ మీద ఊటనీళ్ళు తాగుతారు మాస్టారూ. ఆ నీళ్ళలో ఇది కలపడానికి మేం డబ్బిచ్చి కోట్లు కుట్టించుకోవాలా?"

భార్య ముఖం పాలిపోయింది. అంతలోనే ఎర్రబడింది. "మిల్లువాడు ముంచాడు," అంటూ ఫోన్ తీసి, మాస్టారు అడ్డుపడేలోగా మిల్లు యజమానిని పట్టుకుంది. "మీకు కాస్తయినా నీతి ఉందా? ఏడాదిగా మిమ్మల్ని నమ్మి..." అవతలి నుంచి ఏమన్నాడో గాని, "తీసుకుపొండి, అన్నీ తీసుకుపొండి, సాయంత్రం లారీ పంపండి," అని పెట్టేసింది.

దాంతో బట్ట కూడా పోయినట్టే. సెక్రటరీ గారు చెప్పులు వేసుకుంటున్నారు. మాస్టారికి కళ్ళముందు సీటు కవర్లు వరసకట్టి కనిపించాయి.

అప్పుడే పెద్దబావ తువ్వాలు భుజాన వేసుకుని లోపలి నుంచి వచ్చాడు. గోడ మీద కోటు లేకపోతే ఇల్లంతా వెతికాడు. బుట్టలో దొరికింది. దాన్ని రెండు చేతులా ఎత్తి పట్టుకుని అందరి ముందూ నిలబడ్డాడు.

"పదిహేనేళ్ళు," అన్నాడు. "పదిహేనేళ్ళు పసిబిడ్డలా చూసుకున్నా చెల్లాయ్. ఎవరు చేశారీ పని? దీని మీద ఏం వేయించారు?"

"అన్నయ్యా, నీ కోటుకి మరకేమిటి," అని దగ్గరికెళ్ళి మెడపట్టీ తిప్పి చూసింది చెల్లెలు. అక్కడ తన చేత్తో కుట్టిన దుకాణం పట్టీ ఉంది. కొక్కేనికున్న కోటు మెడ చూసింది. అక్కడ లేదు. తర్వాత భర్తను చూసింది.

"ఏవండీ."

ఆ ఒక్క పిలుపులో ముప్పై ఏళ్ళ కాపురం ఉంది. మాస్టారు తల వంచుకున్నాడు.

"ఆ మరక పడ్డది మనదే. మూత వదులని చెప్పావు, నిజమే. ఈ వేలాడేది బావగారిది. అమ్మా, నేను అబద్ధమాడాను, బట్ట ఆడలేదు. ఆర్డరివ్వకపోయినా ఫర్వా..." అని ఆగి, "ఇవ్వకపోతే కష్టమేనండి," అన్నాడు.

సెక్రటరీ గారు వేసుకోబోతున్న చెప్పు అక్కడే వదిలి వెనక్కి వచ్చారు. మరక కోటును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, శుభ్రంగా ఉన్న చేతి మీద నీళ్ళు చల్లారు. జారిపోయాయి. పక్కనే నూనెచుక్క వేశారు. ఇంకింది. ముందుభాగంలోని దేశపటాన్ని చాలాసేపు చూశారు.

"నేనొక చుక్క సరిపోతుందనుకున్నాను. మీరు కష్టపడి మొత్తం పరీక్ష రాసేశారు," అన్నారు. "ఈ కోటు నాకివ్వండి, మా వాళ్ళకి చూపించాలి. మిగతావి కుట్టండి. ప్రతిదానికీ లోపలి అంచు మీద ఒక్కో చుక్క ఉండాలి. అది మీ ఆవిడ వెయ్యాలి."

భార్య అప్పటికే మిల్లుకు ఫోన్ చేస్తోంది. ఈసారి గొంతు చాలా తగ్గించి మాట్లాడింది. లారీ ఆగడానికి మూడుసార్లు క్షమాపణ చెప్పాల్సి వచ్చింది, అందులో రెండు మాస్టారి చేత చెప్పించింది.

ఇక పెద్దబావ కోటు మిగిలింది. మరక పడకపోవడమే దాని రోగమని చెప్తే ఆయన చాలాసేపు నమ్మలేదు.

"పారెయ్యనా మరి?" అన్నాడు చివరికి, బిడ్డను దత్తు ఇస్తున్నవాడిలా.

"పారేస్తే నేలలో చేరుతుంది, కాలిస్తే గాలిలో చేరుతుంది," అన్నారు సెక్రటరీ గారు. "ఉతక్కుండా సంచిలో కట్టి పైన పెట్టండి. ఇలాంటివి సరిగ్గా తీసుకునేవాళ్ళు దొరికినప్పుడు కబురు చేస్తాను."

సాయంత్రానికి కోటు సంచిలో అటకెక్కింది. పెద్దబావ కుర్చీ సరిగ్గా దాని కిందికి జరుపుకుని పైకి చూస్తూ కూర్చున్నాడు. భార్య పుల్లతో చుక్కలెలా వెయ్యాలో పాత గుడ్డ మీద వేసి చూస్తోంది. మాస్టారు ఆమెకు ఎదురుగా కూర్చుని, ఆమె చెప్పినట్టే, సీసా మూత పట్టుకున్నాడు.

"ఎన్నాళ్ళుంటుందోయ్ బావా అది అక్కడ?" అన్నాడు పెద్దబావ.

"దాని సంగతి సెక్రటరీ గారు కబురు చేస్తానన్నారుగా బావగారూ. మీ పైకప్పు పని ఎంతవరకు వచ్చింది?"

ఆ ప్రశ్న పెద్దబావ మీద పడి, ఒక క్షణం ముత్యంలా నిలబడి, తడి ఆనవాలు లేకుండా జారిపోయింది.